ఉప్పు గంట

"ఆ గంట ఆపత్తా, నీకు పుణ్యముంటుంది!" అని నార్సిసా అరిచేసరికే ఆలస్యమైపోయింది. మబ్బులోంచి ముందొక కొమ్ము, తర్వాత ఒక మూతి, ఆ వెనక మంద మొత్తం బయటపడింది.

కోటోపాక్సీ కొండ మీదినుంచి సైకిళ్ళవాళ్ళని భద్రంగా కిందికి దింపడమే నార్సిసా బతుకుతెరువు. తలకి హెల్మెట్, మలుపులో బ్రేకు, నడిచేవాళ్ళకి దారి, మలుపుకి రెండుసార్లు గంట. వినకపోతే ఎంతటివాడి దగ్గరైనా సైకిల్ లాక్కుంటుంది. పెళ్ళయిన నాటినుంచి "సైకిల్ తొక్కే కోడలు దొరికింది, నా ఖర్మ!" అని సాధించిన అత్త ఓర్తెన్సియాకి ఇవాళ ఏం బుద్ధి పుట్టిందో, తననీ తీసుకెళ్ళమని పట్టుబట్టింది.

సగం దారిలో మబ్బు దిగింది. తన ముందు చక్రం తనకే కనబడక ముసలావిడ హడలిపోయి, గంట మీద వేలు తియ్యకుండా మోగించింది. ఈ కొండల్లో పశువులకి ఉప్పు పెట్టేవాళ్ళు కొట్టేదీ అలాగే, ఆపకుండా. ఆ మోత వింటే మనిషి పొడ గిట్టని గిత్తలు కూడా పరుగెత్తుకొస్తాయి. అది ఇద్దరికీ చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి ఏం లాభం? సైకిల్ గంట కూడా గంటేనని ముందుగా ఒక్కరికీ తట్టలేదు.

ఒక పక్క నిట్టనిలువు గట్టు, ఇంకో పక్క లోయ. మిగిలిన చోటంతా కొమ్ములే. సైకిళ్ళు అడ్డం పెట్టుకుని ఇద్దరూ గట్టుకి అతుక్కుపోయారు.

"నువ్వేగా మోగించమన్నావు!"

"మలుపుకి రెండుసార్లన్నాను తల్లీ, పెళ్ళి మేళంలా వాయించమన్నానా?"

ఓర్తెన్సియా ఒంటి మీది పోంచో దుప్పటి కిందినుంచి ఉప్పేసి వేయించిన మొక్కజొన్నలు తీసి విసిరింది. అదింకా కొంప ముంచింది. రుచి మరిగిన పశువులు మరింత మీదికొచ్చాయి. నల్లగిత్త కాలు దువ్వుతూ సైకిల్ చువ్వల్లోకి కొమ్ము దూర్చింది. దాని ఊపిరి నార్సిసా మోచేతికి వెచ్చగా తగిలింది. కదిలితే పొడుస్తుంది, కదలకపోతే నలిపేస్తుంది. అత్త చెయ్యి తన చేతిలో ఉంది. ఈ చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారని అప్పుడు గుర్తొచ్చింది నార్సిసాకి.

"అత్తా, నేను గంట కొట్టుకుంటూ కిందికి పోతాను. ఇవి నా వెనక పడతాయి. నువ్వు కిక్కురుమనకుండా ఇక్కడే ఉండు."

"నీకేమైనా పిచ్చా? చస్తావే!"

నార్సిసా వినలేదు. గట్టు వారన ఉన్న కాస్త సందులోంచి సైకిల్ దూకించి, గంట మోగిస్తూ పల్లంలోకి దూసుకుపోయింది. వెనక డెక్కల చప్పుడుకి నేల అదిరింది. బ్రేకు ముట్టుకుంటే కొమ్ములు వీపులో దిగుతాయి. ముట్టుకోకుండా తిప్పిన మలుపులో చక్రం జారి, కంకరలో కాలీడ్చి, ఎలాగో నిలదొక్కుకుంది.

అంతలో పైనుంచి ఇంకో గంట వినిపించింది. ఆగకుండా మోగుతోంది.

డెక్కల చప్పుడు తడబడి, ఆగి, వెనక్కి తిరిగింది. ముసలిది గిత్తల్ని తన మీదికి పిలుచుకుంటోంది! కోడల్ని బతికించడానికి! నార్సిసాకి కళ్ళనీళ్ళు తిరిగాయి, ఒళ్ళు మండిపోయింది. సైకిల్ తిప్పి, తోసుకుంటూ, గంట కొడుతూ పైకెక్కింది.

"ఆపత్తా!"

"నువ్వాపు ముందు!" అని మబ్బులోంచి కేక వచ్చింది.

ఇద్దరూ ఆపలేదు. నడుమ చిక్కిన మంద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. ఎటుపోయినా ఉప్పు రవ్వ లేదు. చివరికి నల్లగిత్త విసుగ్గా బుస కొట్టి లోయలోకి దిగిపోయింది. మిగతావన్నీ దాని వెంటే పోయాయి.

నార్సిసా పైకి చేరేసరికి ఓర్తెన్సియా దారి మధ్యలో చతికిలబడి, పడున్న సైకిల్ గంటని ఇంకా కొడుతూనే ఉంది. కోడల్ని చూసి, లాగి రెక్క మీద ఒక్కటిచ్చింది.

"మలుపులో ఆ వేగమేంటే? బ్రేకు వెయ్యమని ఊరందరికీ చెప్తావు, నీకు చెప్పేవాళ్ళు లేరనుకున్నావా?"

ఆ మాట అంటూనే భోరుమని ఏడ్చింది. నార్సిసా పక్కనే కూలబడి, గంట మీదినుంచి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.