అమలమ్మ ఎడమచెయ్యి

భవానీపురం చర్చిలో అమలమ్మ ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించింది. అన్నేళ్లూ ఆమె ఎడమచేతికి ఒకటే పని, తిత్తి ఆడించి గాలి కొట్టడం. పాట పలికించేదంతా కుడిచెయ్యే. హార్మోనియం పాడైపోయి కీబోర్డు వచ్చాక వాయించే పని మేనకోడలు ఏంజెల్‌ది అయింది. ఇప్పుడు ఏంజెల్‌కి కంకిపాడు సంబంధం కుదిరింది. పెళ్లయి వెళ్లిపోతే వాయించేవాళ్లు లేరు.

"నేను నేర్చుకుంటా" అంది అమలమ్మ. ఆమెకి అరవై మూడేళ్లు.

పాటల బృందానికి పెద్ద తెరేసమ్మ నవ్వలేదు గాని, నవ్వినంత పని చేసింది. "సరే వదినా, ఈస్టర్ అయ్యాక ఒక్క ఆదివారం నీకిస్తా. కుదిరిందా, కుర్చీ నీదే. లేదంటే ఫోన్లో మ్యూజిక్ పెట్టుకుని పాడేసుకుంటాం."

తను కూర్చున్న కుర్చీలో ఫోనా! అమలమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఏంజెల్ దగ్గర పాఠాలు. కుడిచెయ్యి కీబోర్డు మెట్ల మీద పడడం ఆలస్యం, ఎడమచెయ్యి గాల్లోకి లేచి ముందుకీ వెనక్కీ ఊగేది.

"అత్తా, అదేంటి, దోమల్ని తోలుతున్నావా?"

"నేనేం చెయ్యనే, దానంతటదే ఊగుతోంది."

భర్త జోయెల్ పేపర్ దించి చూశాడు. "తువ్వాలేసి కుర్చీకి కట్టెయ్యమంటావా?"

"ముందు నీ నోటికి కట్టుకో."

మూడో వారం ఏంజెల్ ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగత్తా! నువ్వు ఊరికే ఊపట్లేదు. సరిగ్గా పాటలో స్వరం మారేచోటే ఊపుతున్నావు. ఆ ఊపేదేదో కిందికి దించు. ఇదిగో, ఈ మూడు మెట్ల మీద."

దించింది. మూడు స్వరాలు కలిసి ఒక్కసారి లేచాయి. గదంతా నిండిపోయింది.

"అమ్మో!" అంది అమలమ్మ. మళ్లీ దించింది. మళ్లీ.

"టీ ఇవ్వనా, ఆపుతావా?" వంటింట్లోంచి జోయెల్ కేకేశాడు.

"టీ ఇవ్వు. ఆపను."

ఆమెకిస్తానన్న ఆదివారం రానే వచ్చింది. ఏంజెల్ కీబోర్డులో దానంతటదే మోగే తాళం ఆన్ చేసి, వెళ్లి రెండో వరసలో కూర్చుంది. తెరేసమ్మ పాడుతూనే కంటి కొసతో ఆ ఎడమచేతిని కనిపెడుతోంది. మొదటి చరణంలో అది ఒకసారి తడబడింది. రెండో దాంట్లో నిలదొక్కుకుంది. నాలుగో చరణానికి అమలమ్మ తల కూడా ఊపుతోంది.

పాట అయిపోయింది. తాళం మాత్రం అయిపోలేదు.

హార్మోనియం అయితే తిత్తి వదిలేస్తే చాలు, గాలి తగ్గి పాట దానంతటదే సద్దుమణుగుతుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క పాటనీ తనంతట తను ఆపలేదు. ఇప్పుడీ పెట్టెకి గాలి లేదు, అది టకటకా కొడుతూనే ఉంది. ఏ బటన్ నొక్కాలో తెలీదు. చేసేదేమీ లేక అమలమ్మ మళ్లీ పల్లవి అందుకుంది.

జనం కూడా అందుకున్నారు. రెండోసారికి చప్పట్లు కలిశాయి. మూడోసారికి, చేతులు చాపి ప్రార్థన మొదలుపెట్టబోయిన ఫాదర్ గారు ఆ చేతులతోనే చప్పట్లు కొట్టారు. ఏంజెల్ నవ్వాపుకోలేక పరుగున వచ్చి బటన్ నొక్కింది.

పూజ అయ్యాక తెరేసమ్మ దగ్గరికొచ్చింది. "ఏంటొదినా, మధ్యాహ్నం దాకా పాడించేట్టున్నావే! వచ్చే ఆదివారానికి ఆపడం కూడా నేర్చుకో."

"వచ్చే ఆదివారమా?"

"మరి ఎవరు వాయిస్తారు, నేనా?"

అమలమ్మ కుర్చీలోంచి లేవలేదు. "అయితే ఆ పాటల కాగితం ఇప్పుడే ఇచ్చెయ్" అంటూ ఎడమచెయ్యి చాపింది.