చెరిపే ముందు పేరడిగే తెర

ఎప్పుడూ వాన కురిసే కీలుంగ్ రేవులో వాన ఆగితేనే జనం తలెత్తి చూస్తారు. ఆ రేవు నుంచి దీవులకు పడవలు నడిపే కంపెనీలో, సరంగుల దగ్గర్నుంచి టికెట్లమ్మే పిల్లల దాకా అందరి ఫోన్లూ ఆఫీసులో కూర్చునే రువోహాన్ అనే అమ్మాయి అజమాయిషీలో ఉండేవి. ఆమె ఏ ఫోనుకైనా తన కంప్యూటర్ ముందు కూర్చునే తాళం వేయగలదు, దారి తప్పినదాన్ని వెతకగలదు, అందులో ఉన్నదంతా చెరిపేయగలదు.

ఒకరోజు పోయిన ఫోనుకు తాళం వేయబోయి, పక్కనే అదే రంగులో ఉన్న 'చెరుపు' నొక్కింది. అదీ వేరే ఫోను మీద. తెర మీద ఎవరి ఫోనో పేరుండదు, నిండా అంకెలే, అన్నీ ఒకేలా ఉంటాయి. చెరిగిపోయింది ఇంజన్ మేస్త్రీ పాన్ బాబాయ్ ఫోను. ఆయన ఏళ్ళ తరబడి తన ఇంజన్ల చప్పుళ్ళు అందులో రికార్డు చేసి దాచుకున్నాడు. చలికాలపు దగ్గు, కొత్త నూనె పోసిన నాటి హుషారు, జబ్బు చేసేముందు వచ్చే సన్నని గురక.

"పోనీలే పిల్లా," అన్నాడాయన. "ఇంజన్ పోలేదుగా. మళ్ళీ పాడుద్ది, మళ్ళీ పట్టుకుంటా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో దీపాలు ఆర్పేసి అందరూ బల్లల మీదే తల వాలుస్తారు. ఆ కునుకులో రువోహాన్‌కు రోజూ ఒకటే కల. సముద్రం మెల్లగా గదిలోకి వచ్చేది. నీళ్ళ మీద ఫోన్లు కాగితపు దీపాల్లా తేలేవి. ఆమె వేలు సోకినదల్లా తెల్లగా ఖాళీ అయిపోయేది. లేచాక తాళం వేయడానికి కూడా చెయ్యి ఆడేది కాదు.

కొన్నాళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ నుంచి యీతెంగ్ అనే కుర్రాడు, ఆమె పని చేసే తీరు చూడటానికి వచ్చాడు.

"అన్నీ ఒక్క నొక్కుతో అయ్యేట్టు మారుస్తున్నాం అక్కా. చిటికెలో పని!"

"చిటికెలో అవడమే నా కొంప ముంచింది తమ్ముడూ," అంటూ జరిగింది చెప్పింది. కల కూడా చెప్పింది. అతను నవ్వలేదు.

భోజనాలయ్యాక దీపాలు ఆరాయి. అతనూ పక్క బల్ల మీద తల వాల్చాడు. కిటికీ మీద వాన జారుతోంది.

"అక్కా, పడుకున్నారా?"

"లేదు."

"చెరిపే ముందు తెర మిమ్మల్ని ఏమడగాలి?"

ఆమె బల్ల మీంచి తలెత్తింది. "ఎవరిదని అడగాలి. అంకె కాదు, పేరు. నాచేతే రాయించాలి. రాశాక కూడా కాసేపు ఆగాలి. వద్దంటే ఆగిపోవాలి."

"మరి తాళం, వెతకడం లాంటివి?"

"నీ ఇష్టం, గాల్లో పరిగెత్తించుకో."

"మీ ముచ్చట్లు తర్వాత," చీకట్లోంచి ఎవరో విసుక్కున్నారు. "నన్ను పడుకోనివ్వండి!"

యీతెంగ్ ఈ మాట చెబితే అతని పైఅధికారి ఎగతాళి చేశాడు. "జనం వేగం కావాలంటే నువ్వు నిదానం అమ్ముతావా?" అయినా అతను పట్టు వదల్లేదు. ఆకు రాలే కాలానికి కొత్త తెర వచ్చింది. అంకెల చోట పేర్లు వచ్చాయి. 'చెరుపు' ఎర్రగా, దూరంగా, ఒంటరిగా కూర్చుంది.

ఒక సాయంత్రం దీవి నుంచి టికెట్ల పిల్ల చియావెన్ వేరేవాళ్ళ ఫోన్లో ఏడుస్తూ మాట్లాడింది. "అక్కా, నా ఫోన్ ఎవరో కొట్టేశారు! చెరిపెయ్!"

రువోహాన్ ఆ పేరు ఒక్కో అక్షరమే రాసింది. తెర ఆగింది. ఆగినంతసేపూ ఆ ఫోను ఎక్కడుందో చూపించింది. సముద్రపు నీలం మీద ఒక చుక్క, రేవు వైపు నింపాదిగా వస్తోంది. ఆమె దీవి నుంచి తిరిగొస్తున్న పడవకు ఫోన్ చేసింది.

"ఆ మతిమరుపుదా? ఫోను పడవ తాళ్ళ చుట్టలో పడేసి దీవిలో దిగిపోయింది," అన్నాడు సరంగు.

ఆమె 'వద్దు' నొక్కింది. చుక్క కదులుతూనే ఉంది. కాసేపటికి కిటికీ అవతల మంచులోంచి పడవ ముక్కు తేలింది. ఆ ఫోను అందుకోవడానికి రువోహాన్ గొడుగు తీసుకుని రేవులోకి దిగింది.