హారో చేనులో చిల్లులేని క్యాబేజీ

మా ఆయన ఎగ్గర్ట్ క్యాబేజీకి మందు కొడతాడు. మా తమ్ముడు హారో కొట్టడు. సముద్రపు కరకట్ట పక్కన రెండు చేలకీ మధ్య ఒక్క కాలువే అడ్డం. మా క్యాబేజీ నున్నగా, బరువుగా వస్తుంది. హారోది చిన్నది, ఆకు నిండా చిల్లులు. పైన వలలు కప్పుతాడు, కలుపు చేత్తో తీస్తాడు, నడుం పట్టుకుని లేస్తాడు. ఏది మేలో ఇద్దరూ ప్రతి ఆదివారం నా వంటింట్లోనే తేల్చుకోవాలి. విని విని నా ప్రాణం విసిగిపోయింది.

"నీ చేను పురుగులకి సత్రంరా," అనేవాడు ఎగ్గర్ట్.

"నీ క్యాబేజీని పురుగు కూడా ముట్టదు బావా. అదీ దాని గొప్ప!" అనేవాడు హారో.

రెండేళ్ళు మందు తగలని నేలకే సేంద్రియ ముద్ర ఇస్తారు. ఈ ఏడు కోతలకి హారోకి అది రావాలి. దానికోసమే అరవై దాటాక ఒళ్ళు హూనం చేసుకున్నాడు.

వేసవిలో వాడి తుంటి విరిగింది. మా వైపు మంచాన పడ్డవాడి చేను పక్కవాళ్ళు చూస్తారు. అడగడం ఉండదు, చెప్పడం ఉండదు. నేను ఆసుపత్రిలో తమ్ముడి దగ్గరుండగా గాలివానకి వలలు చిరిగి, తెల్ల సీతాకోకచిలుకలు దిగి ఆకుల మీద గుడ్లు పెట్టాయట. ఎగ్గర్ట్ ట్రాక్టరు తీసుకుని కాలువ దాటాడు.

హారో చేతికర్రతో తిరిగొచ్చి చేను చూశాడు. కొత్త ఆకుల్లో ఒక్కదానికీ చిల్లు లేదు. వాడి మొహం పాలిపోయింది.

"పురుగులు మేసేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోనురా? ఒక్కసారే కొట్టాను. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఎగ్గర్ట్.

నిజంగానే మేలు చేశాననుకున్నాడు మనిషి. నాకు కోపం రావలసింది, నీరసం వచ్చింది.

సాయం చేసినవాణ్ణి తిట్టడం మా వైపు లేదు. సారా పోసి ఇవ్వాలి. హారో కుంటుకుంటూ లోపలికెళ్ళి సీసా తెచ్చి, గ్లాసు నింపి చేతికిచ్చాడు.

"కష్టపడ్డావు బావా," అన్నాడు. అందులో ఎగతాళి లేదు.

తర్వాత ముద్ర ఇచ్చే తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "నా చేనులో మందు పడిందండీ... చేనంతా... లేదు, పగతో కాదు, మావాళ్ళే, సాయానికొచ్చి."

ఎగ్గర్ట్ గ్లాసు నోటిదాకా ఎత్తలేకపోయాడు.

"రెండేళ్ళూ మళ్ళీ మొదట్నించేనా?" హారో కళ్ళు మూసుకున్నాడు. "సరే. అయితే ఇవాళే మొదటి రోజని రాసుకోండి."