ప్రాగ్ కోసం కొన్న కోటు

తాళం రెండు తిప్పులు తిప్పడం మాసమ్మకు అలవాటు. ఒక్క తిప్పుకే పడుతుందని 302లో ఉండే రాజకుమారి ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. పరాయి ఇంటి తాళంచెవి కొంగున ఉంటే నిద్ర సరిగ్గా పట్టని మనిషి ఆమె. అందుకే బుధవారం పొద్దున తులసికి నీళ్లు పోయడానికి వచ్చి, తాళం ఒక్క తిప్పుకే ఊడి రావడం చూసేసరికి గుండె గుభేలుమంది.

గడప ముందు నిన్న తను వేసిన ముగ్గు చెక్కుచెదరలేదు. లోపల బీరువా మూసే ఉంది, టీవీ ఉంది, గోడలమీద కిషన్ రావు గడియారాలు తొమ్మిదీ టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి వెళ్తే, మామిడికాయ పచ్చడి జాడీ మూత పక్కకు జరిగి ఉంది. జాడీలో పచ్చడి నాలుగు వేళ్లు తగ్గింది. మంచంమీద మడతపెట్టిన రెండు రగ్గుల్లో ఒకటి లేదు.

మాసమ్మ అక్కడే చతికిలబడింది. పచ్చడీ రగ్గూ ఎత్తుకుపోయే దొంగ ఎవడు? ఆ ముగ్గైనా తొక్కకుండా దాటి వచ్చాడే, ఎంత మర్యాదస్థుడు! నవ్వొచ్చే మాటే గానీ ఆమెకు నవ్వు రాలేదు. ఆ ఇంటికి తాళంచెవులు రెండే. ఒకటి తన కొంగున ఉంది. రెండోది ఇంటివాళ్లతోపాటు ప్రాగ్ వెళ్లింది.

ప్రాగ్ అనేది ఎక్కడో చలిదేశంలో ఉన్న పాత ఊరని మాసమ్మకు కిషన్ రావే చెప్పాడు. ముప్ఫై అయిదేళ్లు నారాయణగూడలో గడియారాలు బాగుచేసే దుకాణం నడిపి, కళ్లు సహకరించక మూసేసిన మనిషి. అశోక్‌నగర్‌లోని ఈ అపార్ట్‌మెంటుకు మాసమ్మ భర్త కృష్ణయ్య వాచ్‌మన్‌గా చేరినప్పటినుంచీ, వినేవాళ్లు దొరికితే చాలు, ఆయన ఆ ఊరి గడియారం సంగతే చెప్తాడు.

"ఆరు నూర్ల ఏండ్ల సంది నడుస్తున్నది మాసమ్మా! గంట కొట్టంగనే పైన రెండు కిటికీలు తెరుసుకుంటయి. పన్నెండు బొమ్మలు ఒకదాని ఎనక ఒకటి వస్తయి. పక్కన ఎముకల గూడు బొమ్మొకటి ఉంటది, అది తాడు గుంజుతది."

"గంత చలిల ఎందుకు పోతరు సారూ? ఎండకాలం పోరాదు?"

"ఎండకాలం జాతర లెక్క ఉంటదట. జనవరిల అయితె జనం ఉండరు. ఒక్కణ్ణే దాని ముందర నిలబడాలె. మంచు పడ్డా ఆగకుండ ఎట్ల తిరుగుతదో చూడాలె."

సోమవారం వాళ్ల ప్రయాణం. అపార్ట్‌మెంటు అంతా పార్కింగులో గుమిగూడింది. అసోసియేషన్ సెక్రెటరీ భానుప్రకాశ్, అంటే 302కు ఎదురుగా 301లో ఉండే పెద్దమనిషి, దండ వేసి, శాలువా కప్పి, అయిదు నిమిషాల్లో ముగించాల్సిన ఉపన్యాసాన్ని పావుగంట లాగాడు. కిషన్ రావు మోకాళ్లు దాటే నల్ల ఉన్నికోటు తొడుక్కుని, దానిమీద శాలువా, దానిమీద దండతో చెమటలు కక్కుతూ ఫొటోలు దిగాడు. రాజకుమారి మాసమ్మను పక్కకు పిలిచి తాళంచెవి ఇచ్చింది. "రోజూ ముగ్గెయ్యి, తులసికి నీళ్లు పొయ్యి. దేవుని అర్రలకు మాత్రం పోకు" అని చెప్పింది. మాసమ్మ సరేనంది. పోవద్దంటే ఎందుకని అడిగే వయసు దాటిపోయింది ఆమెది.

ఇప్పుడు ఈ తాళం సంగతి ఎవరికైనా చెప్తే మొదట అడిగే ప్రశ్న ఆమెకు తెలుసు. రెండేళ్ల కిందట బర్కత్‌పురలో వాళ్లు కాపలా ఉన్న ఇంట్లో ఉంగరం కనబడలేదు. ఇంటావిడ గట్టిగా తిట్టను కూడా తిట్టలేదు. "పోనీలే, మీరు వేరేచోటు చూసుకోండి" అంది. మహబూబ్‌నగర్ నుంచి తెచ్చుకున్న మూటాముల్లె మళ్లీ నెత్తికెత్తుకున్నారు. నాలుగు రోజులకు ఉంగరం వాషింగ్ మెషీన్ పైపులో దొరికిందట. ఆ సంగతి పక్కింటి పనిమనిషి చెప్తే తెలిసిందే తప్ప, ఇంటావిడ ఒక్క ఫోన్ చేయలేదు. ఈసారి ఈ గేటు పోతే కృష్ణయ్య నడుంనొప్పితో ఏ అడ్డామీద నిలబడి మట్టిపనికి పోతాడు?

అందుకని ఆమె నోరు మూసుకుని కళ్లు తెరిచింది. మొదట మొగుణ్ణే అనుమానించింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీయగలిగినవాడు అతనొక్కడే. గురువారమంతా అతని నోటి దగ్గర మామిడికాయ వాసన వస్తోందేమోనని రెండుసార్లు దగ్గరికి వెళ్లి చూసింది. "ఏందే, ఏమైంది నీకు?" అని పాపం కృష్ణయ్య సిగ్గుపడ్డాడు. తర్వాత అనుమానం భానుప్రకాశ్ మీదికి పోయింది. మెట్లెక్కే ప్రతి మనిషినీ తలుపు సందులోంచి చూసే ఆయనకు, ఎదురింటి తాళంచెవి ఎవరి దగ్గరుందో అంత ఆరా ఎందుకు?

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, కృష్ణయ్య అన్నానికి గేటు వదిలే వేళ చూసి, మాసమ్మ డాబా మెట్లమీద, కింది నుంచి చూస్తే కనబడనిచోట కూర్చుంది. ఒంటిగంటకు చెప్పుల చప్పుడు. తలమీదుగా శాలువా, మొహానికి మాస్కు, చేతిలో సంచి. ఆడమనిషి. 302 ముందు చెప్పులు పక్కకు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ముగ్గు దాటి, తన ఇంటికి వచ్చినంత సులువుగా తాళం తీసింది.

మాసమ్మ నాలుగంగల్లో దిగి చెయ్యి పట్టుకుంది. "ఎవరే నువ్వు? తాళంచెవి ఏడికెల్లి వచ్చింది నీకు?"

ఆవిడ మాస్కు కిందికి లాగింది. రాజకుమారి!

"లొల్లి చెయ్యకు మాసమ్మా, నీకు దండం పెడత. లోపటికి రా."

లోపలికి వచ్చాక రాజకుమారి ముందు మంచినీళ్లు తాగింది, తర్వాత ఏడ్చింది. వీసా ముద్ర కొట్టిన పాస్‌పోర్టులు ఎయిర్‌పోర్టులోనే ఇస్తామని టూరు మనిషి చెప్పాడట. అక్కడ అందరివీ ఇచ్చాడు. వీళ్లిద్దరి పాస్‌పోర్టుల్లో ముద్ర లేదు, రాలేదన్నాడు. లైనంతా లోపలికి వెళ్లిపోతే వీళ్లిద్దరూ సూట్‌కేసులతో బయట మిగిలారు.

"గంత మంది దండలేసి పంపిచ్చిండ్రు. రెండు గంటలల్ల ఏం మొహం పెట్టుకొని గేట్ల అడుగు పెట్టాలె చెప్పు? కవాడిగూడల మా చెల్లె మనోరమ ఇంటి మీది అర్ర ఖాళీగుంటె అండ్లనే ఉంటున్నం. ఆయన మూడు రోజులు కోటు ఇప్పలే. అన్నం సయిస్తలేదంటె మొన్న వచ్చి పచ్చడి, కప్పుకోను రగ్గు తీస్కపోయిన. ఇయ్యాల శుక్కురారం. నేను దీపం పెట్టని శుక్కురారం లేదు."

దొంగ దొరికినందుకు మాసమ్మకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే జాలి కలిగింది. కానీ ఆ జాలి కింద అనుమానం ఇంకా అణగలేదు.

"నడుమ నామీదికి ఏమన్న వస్తె అమ్మా?"

"నీమీదికి ఏమొస్తది? వస్తె నేను లేనా? ఎవ్వరికి చెప్పనని దేవుని ముందర ఒట్టెయ్యి."

దేవుడి గది గడప ఇవతలే నిలబడి మాసమ్మ చెయ్యి చాపి ఒట్టేసింది. లోపల రాజకుమారి దీపం వెలిగించింది. తిరిగి వెళ్లేటప్పుడు ఆమెను మెట్లదాకా మాసమ్మే దిగబెట్టింది. ఎదురింటి తలుపు సందు వేలెడు తెరిచి ఉండటం ఇద్దరూ చూడలేదు.

మంగళవారం దంపతులు సూట్‌కేసులతో 'తిరిగొచ్చారు'. బుధవారం సాయంత్రం 302 హాలునిండా జనం. రాజకుమారి పళ్లెంలో చాక్లెట్లు పెట్టి అందరికీ ఇచ్చింది. మాసమ్మ చాయ్ తిప్పుతోంది. ఫొటోలేవని ఎవరో అడిగితే చలికి ఫోన్ పనిచేయలేదని కిషన్ రావు ముక్తసరిగా చెప్పాడు. గడియారం సంగతి అడిగేసరికి మాత్రం ఆయన గొంతు మారింది. రాళ్లు పరిచిన సందులు, పొద్దున్నే పాత వంతెనమీద విగ్రహాల భుజాలమీద పేరుకున్న మంచు, గంట కొట్టే ముందు ముళ్లలో పుట్టే చిన్న వణుకు, ఎముకల గూడు తాడు లాగడం, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పాడు. అంతా తెలిసిన మాసమ్మ కూడా ఒక్క నిమిషం, ఏమో, పోయే వచ్చాడేమో అనుకుంది.

అప్పుడు భానుప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు.

"మీ ట్రిప్ ఖరాబు చెయ్యొద్దని ఇన్ని దినాలు చెప్పలే కిషన్ రావు గారూ. పోయిన శుక్రవారం మీ ఇంట్ల ఎవరో జొరబడ్డరు." ఫోన్ తీసి అందరికీ తిప్పి చూపించాడు. మెట్లు దిగుతున్న ఆడమనిషి వీపు, తలమీద శాలువా, చేతిలో సంచి. పక్కన, మొహం స్పష్టంగా, మాసమ్మ. "గంటసేపు లోపలనే ఉండిండ్రు. బీరువాలు చూసుకోండి ఒకసారి."

హాలంతా మాసమ్మ వైపు తిరిగింది. 201లో ఉండే త్రివేణి సోఫాలో పక్కన పెట్టిన చేతిసంచిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. ఆ ఒక్క పనితో మాసమ్మ ఒళ్లు భగ్గుమంది.

"ఎవరిని తోల్కొచ్చినవ్? చెప్పు" అన్నాడు భానుప్రకాశ్.

మాసమ్మ రాజకుమారిని చూసింది. 'నేను లేనా' అన్న మనిషి ఎదురుగానే ఉంది, చాక్లెట్ల పళ్లెం పట్టుకుని.

"ఏం పోలేదు భానుప్రకాశ్ గారూ" అంది రాజకుమారి, ఎవరి కళ్లలోకీ చూడకుండా. "అన్నీ ఉన్నయి. పోనియ్యండి."

పోనీలే! బర్కత్‌పురలో విన్నదీ ఆ మాటే. తిట్టినా పడొచ్చు గానీ ఆ మాట పడటం కష్టం. అది మనిషిని క్షమించినట్టు ఉంటుంది, దొంగతనం మాత్రం నెత్తిమీద అట్లాగే ఉంచుతుంది.

"ఇయ్యాల పోలే, రేపు పోతది" అన్నాడు సెక్రెటరీ. "నెలాఖరుకు కృష్ణయ్యను వేరే జాగ చూసుకోమందాం. ఏమంటరు అందరూ?"

చాక్లెట్ నోట్లో ఉన్నవాళ్లు నములుతూనే ఉన్నారు.

మాసమ్మ చాయ్ గ్లాసుల పళ్లెం కింద పెట్టింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టింది. ఒక్కమాట అంటే చాలు, తన గేటు నిలబడుతుంది. కానీ ఒట్టేసింది. ఒట్టు ఎంతకాలం పట్టుకోవాలో ఆమెకే అర్థం కాలేదు.

"అమ్మా, మీరే చెప్పుండ్రి" అంది.

రాజకుమారి చాక్లెట్ల పళ్లెం సర్దింది. వంటింట్లో ఏదో పొంగినట్టు అటు తిరిగింది. మాసమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దుఃఖంతో కాదు, కోపంతో. సరే, ఇక ఒట్టు లేదు గిట్టు లేదు, చెప్పేస్తానని నోరు తెరిచింది.

"ఆ ఫొటోల ఉన్నది మా ఇంటామెనే" అన్నాడు కిషన్ రావు.

ఆయన చూపు గోడమీది గడియారాలమీద నిలిచింది.

"మేం ఎటూ పోలే. వీసా రాలే. కవాడిగూడల కూసున్నం ఎనిమిది దినాలు. ఆ గడియారం నేను చూడలే భానుప్రకాశ్ గారూ. పుస్తకాలల్ల చూసిందే చెప్పిన." ఆయన మాసమ్మ వైపు తిరిగాడు. "మాసమ్మకు అంత తెలుసు. చెప్పొద్దంటె ఆగింది. ఆమెనేం అనకుండ్రి."

ఇక చూడాలి హడావిడి. అయ్యో అన్నవాళ్లు అయ్యో అన్నారు, టూరు మనిషిని తిట్టినవాళ్లు తిట్టారు. త్రివేణి చాక్లెట్ డబ్బా వెనక్కి తిప్పి, దిగుమతి చేసినవాళ్ల హైదరాబాద్ చిరునామా చదువుకుని మళ్లీ పెట్టేసింది. భానుప్రకాశ్ అందరికంటే ముందు లేచి కిషన్ రావు భుజం పట్టుకుని, వచ్చే జనవరికి తప్పకుండా పోతారని ఓదార్చాడు. మాసమ్మతో మాత్రం ఎవరూ ఒక్కమాట అనలేదు. త్రివేణి సంచి ఒళ్లోంచి కిందికి దిగలేదు. మాసమ్మ గ్లాసులు ఏరుకుని, కడిగి బోర్లించి, తాళంచెవి టేబుల్ మీదే వదిలేసి కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె గేటు ముందు కళ్లాపి చల్లుతుంటే రాజకుమారి దిగి వచ్చింది. రాత్రంతా నిద్రలేని మొహం. చేతిమీద నల్ల ఉన్నికోటు, దానిమీద తాళంచెవి.

"నిన్న నా నోరు పెగల్లే మాసమ్మా. మాటిచ్చి తప్పిన. సిగ్గుతోని సచ్చిపోతున్న" అంది. ఆ మాట నిజమేనని మొహం చూస్తే తెలుస్తోంది. "ఈ కోటు ఆయన కండ్లబడితె ఓర్సుకుంటలేడు. పారేద్దామంటె పానం ఒప్పుతలేదు. కృష్ణయ్యకు గేటు కాడ చలి పెడతది. తీస్కో."

మాసమ్మ కోటును చూసింది. ఒక్క మంచు చుక్క కూడా పడని మెత్తటి ఉన్ని. జనవరి చలికి బొంత కప్పుకుని కుర్చీలో ముడుచుకునే మొగుడు గుర్తొచ్చాడు. కావాలనిపించింది, చాలా కావాలనిపించింది. కానీ చేతులు కొంగుకు తుడుచుకుని అట్లాగే నిలబడింది.

మెట్లమీద చప్పుడైంది. ఇందిరా పార్కుకు నడకకు బయల్దేరిన భానుప్రకాశ్ బూట్లు టకటకలాడిస్తూ దిగి గేటువైపు వస్తున్నాడు.

"సారూ, జర ఆగుండ్రి" అని పిలిచింది మాసమ్మ. తర్వాత రాజకుమారి వైపు తిరిగింది. "అమ్మా, ఈ కోటు మీరే ఇస్తున్నరని సారుకు చెప్పుండ్రి. నేను ఇనేటట్టు చెప్పుండ్రి."

రాజకుమారి చెప్పేదాకా ఆమె చేతులు చాపలేదు.