వంకర గీత తివాచీ

అక్క ఇంటి హాలును తీర్చిదిద్దుతానని ఒప్పుకున్న రోజే బుల్లికి తెలుసు, కొరివితో తల గోక్కుంటున్నానని. ఇళ్లకు లోపలి అలంకరణ చేయడం ఆమె వృత్తి. బావ భూములు కొలిచే సర్వేయరు. గోడమీద క్యాలెండరు కాస్త ఒరిగినా ముద్ద దిగని మనిషి.

ఆ హాలు కోసం బుల్లి ప్రత్యేకంగా ఒక తివాచీ నేయించింది. రంగు వేయని ఉన్ని, గొర్రె ఒంటిమీద ఎలా ఉందో అలాగే. దాని మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు ఇటుకరంగు గీత తూలుతూ పోతుంది. ఆ తూలుడు సరిగ్గా కుదరలేదని, మగ్గం పక్కనే కూర్చుని, నేసింది విప్పించి మళ్లీ నేయించింది. నున్నటి గోడలు, సన్నకాళ్ల సోఫా, పొట్టి బల్ల ఉన్న ఆ గదికి ఆ గీతే ప్రాణమని ఆమె నమ్మకం.

పత్రికకు ఫొటోలు తీయించాలని ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చిన బుల్లి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తివాచీ ఏటవాలుగా తిరిగి ఉంది. దానికి తగ్గట్టు సోఫా, సోఫాకు తగ్గట్టు బల్ల, అన్నీ ఓరగా తిరిగాయి. గీత ఒక్కటే గోడ వెంబడి బుద్ధిగా నడుస్తోంది.

"బావా! ఏంటిది?"

"సరిచేశాను," అన్నాడు బావ తృప్తిగా. "నేసినావిడకి పాపం చూపు ఆనినట్టు లేదు. తూలిన చోటల్లా సగటు తీసి గోడకి కలిపాను."

"సగటు తీశారా! అది కావాలనే అలా నేయించాను."

"కోరి కోరి వంకర నేయించుకుంటారా ఎవరైనా?"

ఇక మాటలతో లాభం లేదని బుల్లి తివాచీ అంచు పట్టుకుని తన వైపు లాగింది. బావ రెండో అంచు పట్టుకుని తన వైపు లాగాడు. ఫొటోగ్రాఫరు కెమెరాను గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయాడు.

అంతలో వంటింట్లోంచి టీ పళ్లెంతో వచ్చిన అక్క మోకాలికి సోఫా మూల తగిలింది. పళ్లెం బల్లమీద ఠక్కున పెట్టింది.

"వారం నుంచి ఈ మూల నన్ను పొడుస్తూనే ఉంది! పొద్దస్తమానం మందుల షాపులో నిలబడి వస్తాను. ఈ సోఫాలో కూర్చుంటే నడుం పట్టేస్తుంది. పోనీ తివాచీ మీద ఒళ్లు వాలుద్దామంటే, ఫొటోలయ్యేదాకా తొక్కొద్దని నువ్వు, లెక్క తప్పుతుందని మీ బావ. ఇల్లు నాదా, మీ ఇద్దరిదా?"

ఇద్దరూ తివాచీ అంచులు వదిలేశారు.

"చెరో పక్కా పట్టుకోండి. ముందు ఆ సోఫా బయటికి!"

పట్టుకున్నారు. బావ వెనక్కి నడుస్తూ గుమ్మం దాటాడు. "కాళ్లు ముందు" అని ఆయన, "వీపు ముందు" అని బుల్లి లాక్కోవడంలో సోఫా గుమ్మంలో ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ రాదు.

"కొలిచాను, పడుతుంది," అన్నాడు బావ అవతల నుంచి.

బుల్లి పళ్లు నూరుకుంటూ వెనక్కి తిరిగింది. అక్క అప్పటికే తివాచీ మీద మోచెయ్యి తలకింద పెట్టుకుని నిద్రలోకి జారిపోయింది. లేపుదామని వంగిన బుల్లికి, చెప్పులు ఒరుసుకుని ఎర్రబడిన ఆ మడమలు చూశాక చెయ్యి రాలేదు.

"ఇంకోరోజు వస్తాను మేడమ్," అని ఫొటోగ్రాఫరు గొంతు తగ్గించి చెప్పి, సంచి భుజాన వేసుకుని సోఫా ఎక్కి దాటి వెళ్లిపోయాడు.

బుల్లి ఉసూరుమంటూ చల్లారిన టీ కప్పు అందుకుంది.

"నాకూ ఒకటి ఇటు అందించు," అన్నాడు బావ, మెల్లగా.

ఆమె ఆయనవైపు గుర్రుగా చూసి, సోఫా మీదుగా ఇంకో కప్పు అందించింది.