పదమూడో గడ్డం

మా పరాగ్వేలో బాలల దినోత్సవమంటే, పాత యుద్ధంలో పెద్దవాళ్లు మిగలక, పిల్లలకే పెట్టుడు గడ్డాలు కట్టి బ్రెజిల్ సైన్యం మీదికి తోలితే, వాళ్లు తగలబడ్డ గడ్డిలో కాలిపోయిన రోజు. బడి పుస్తకంలో మాత్రం వాళ్లు నవ్వుతూ వెళ్లారు.

ఆ రోజు బడిలో వేసే నాటకానికి, పన్నెండుమంది పిల్లలకి నేను మొక్కజొన్న పీచుతో పన్నెండు గడ్డాలు చేశాను. పిల్లలు "నవ్వుతూ వెళ్లాం!" అని అరిచారు.

"అబద్ధం టీచర్, మేం ఏడ్చాం," అంది వరసలోంచి ఒక సన్నని గొంతు.

హెడ్మాస్టరు ఎలీహియో మండిపడ్డాడు. "ఈ ఏడుపు మీరే నూరిపోశారు కదూ, లిబ్రాదా మేడమ్?"

"అంత ధైర్యమే ఉంటే ఈ గడ్డాలెందుకు చేస్తాను సార్?"

పిల్లలు గడ్డాలు విప్పి బుట్టలో వేసి వెళ్లిపోయారు. లెక్కపెడితే పదమూడున్నాయి. పదమూడోది గుర్రపు వెంట్రుకలతో చేసింది. సగం కాలిపోయింది. మిగతా సగం ఇంకా తడిగానే ఉంది.