నలభై ఒక్క చుక్కలు

మా మేనేజరుకు నునుపంటే పిచ్చి. బల్ల నునుపు, బూట్లు నునుపు, నేను గీసే గ్రాఫులు కూడా నునుపుగానే ఉండాలి. అందుకే మిల్లులో అందరం ఆయన్ని నున్నటాయన అంటాం, ఆయన దగ్గర్లో లేనప్పుడు.

"ఇదేంటి, గొంగళిపురుగులా ఉంది?" అన్నాడు ఆ ఉదయం, నా కంప్యూటర్‌లోకి తొంగి చూసి.

నూలు వడికే గదిలో ఎంత దూది దుమ్ము ఉందో రోజూ కొలిచి ఎక్కించేది నేనే. ఏడాదికి మూడు వందల కొలతలు. రోజుకో చుక్క పెడితే గీత గొంగళిపురుగులానే ఉంటుంది, ఆ మాట నిజమే.

"చుక్కలన్నీ తీసెయ్యి. గీత లేత బూడిదరంగులో పెట్టు. నెలకొకటి, బాగా తక్కువ వచ్చిన రోజు ఏరి, దాని మీద మాత్రం ఆకుపచ్చ చుక్క పెట్టు. మధ్యాహ్నం తనిఖీ అధికారిణికి అదే చూపిస్తాం."

"మిగతా రోజులు, సార్?"

"గీతలో ఉన్నాయిగా. మనమేం దాచట్లేదు."

నాకు ఒళ్లు మండింది. అబద్ధం రాయమంటే కుదరదని మొహం మీదే అనేదాన్ని. ఈయన నిజంలోంచి పన్నెండు ముక్కలు ఏరుకుని అవతలి మనిషి చెవిలో పువ్వు పెడదామంటున్నాడు.

ఆ గదిలో మా అక్క పద్నాలుగేళ్లుగా తెగిన పోగులు అతుకుతోంది. రెండేళ్లుగా దగ్గుతోంది. గది గాలి వల్లే ఈ జబ్బని అర్జీ పెట్టింది. ఇంట్లో పొయ్యి పొగ వల్ల అని మిల్లు జవాబిచ్చింది. మా ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి. ఇవాళ అధికారిణి గాలి బాగుందని సంతకం పెడితే అర్జీ బుట్టదాఖలు, రేపు అక్క మళ్లీ అదే మెషీన్ ముందు నిలబడాలి. ఇంకో ఏడాది ఆ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు కోలుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు. నాకు భయంగానే ఉంది. కోపం అంతకంటే ఎక్కువగా ఉంది.

కంప్యూటర్‌లో గీత మీద ఒకసారి నొక్కితే అన్ని రోజులూ కలిసి పట్టుబడతాయి. అదే చోట మళ్లీ నొక్కితే ఆ ఒక్క రోజే చిక్కుతుంది, దానికి మాత్రమే చుక్క పెట్టుకోవచ్చు. ఈ కిటుకు నున్నటాయనకు నేర్పింది నేనే, నా ఖర్మ కొద్దీ.

ఏరడమే కావాలంటే ఏరతాను. సన్న నూలు వడికే రోజుల్లో మావాళ్లు దుమ్ము లాగే పెద్ద ఫ్యాను ఆపేస్తారు, గాలికి పోగులు తెగుతాయని. ఆ సంగతి ఎక్కడా రాయరు. సూపర్వైజరు వేలితో సైగ చేస్తాడు, ఎవరో స్విచ్ ఆపేస్తారు, అంతే. కానీ ఏ రోజు ఏ నూలు వడికారో ఉత్పత్తి రిజిస్టరులో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. సన్న నూలు నలభై ఒక్క రోజులు. ఒక్కో రోజుకు ఒక్కో ఎర్ర చుక్క. నలభై ఒకటీ వెళ్లి గీతలో బాగా పైకి లేచిన కొమ్ముల మీదే కూర్చున్నాయి.

మధ్యాహ్నం సమావేశానికి అర్జీదారుగా అక్కనూ పిలిచారు. గోడ మీద గ్రాఫు పడగానే నున్నటాయన కుర్చీలోంచి సగం లేచాడు.

"ఈ ఎర్ర చుక్కలేంటి?" అని అడిగింది అధికారిణి.

"అవి... కొలిచే పరికరం తప్పు చూపించిన రోజులండీ," అని నీళ్లు నమిలాడు.

"కాదండీ," అన్నాను. "సన్న నూలు వడికిన రోజులు. ఫ్యాను ఆపేసిన రోజులు."

"నిన్నెవరు పెట్టమన్నారు?"

"మీరేగా సార్ ఏరమన్నది. ఏరాను."

అధికారిణి నేను తెచ్చిన గ్రాఫు కాగితం, ఉత్పత్తి రిజిస్టరు రెండూ తన ముందుకు లాక్కుంది. "ఇవాళ ఏ నూలు నడుస్తోంది?"

"సన్నదేనండీ," అంది అక్క, దగ్గు ఆపుకుంటూ.

అందరం నూలు వడికే గదిలోకి నడిచాం. దారిలో నున్నటాయన నా పక్కకొచ్చి, "రేపు ఆ కుర్చీలో నువ్వుండవు," అన్నాడు మెల్లగా.

"ఉండకపోతే ఉండను సార్. కాగితం మాత్రం ఆవిడ దగ్గరుంది."

గదిలో పిండి జల్లించినట్టు దుమ్ము. ఫ్యాను ఆగి ఉంది. వేయమంది అధికారిణి.

"ఇప్పుడా? పోగులన్నీ తెగిపోతాయండీ," అన్నాడు మేనేజరు. ఏమన్నాడో ఆయనకు తర్వాతగానీ తెలియలేదు.

అక్క ఎవరి సైగ కోసమూ చూడలేదు. నేరుగా వెళ్లి స్విచ్ వేసింది. ఫ్యాను హోరెత్తింది. ఒక పోగు తెగింది, తర్వాత పది, తర్వాత వరసలకు వరసలు.

"అతకండి, అతకండి," అని అరిచాడు నున్నటాయన.

అక్క చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన మరొకామె. తెల్లటి పోగులు గాలికి వేలాడుతున్నాయి, ముప్పై మంది ఆడవాళ్లలో ఒక్కరి చెయ్యీ కదల్లేదు.